బానెట్ మార్చారా? ఈ సలహాలు వినొద్దు

బళ్ళారిలో రోడ్డు పక్కన బండి బానెట్ ఎత్తి నిలబెట్టండి. టీ తాగి వచ్చేలోపు నలుగురు చేరి ఉంటారు. ఒకాయన తెలుగులో చెబుతాడు, ఇంకొకాయన కన్నడలో, మూడో ఆయన దక్కనీ ఉర్దూలో. ఎవరు ఏ భాషలో మొదలుపెట్టినా చివరికి అందరూ వచ్చి ఆగే మాట ఒకటే: "స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి సార్." కాస్త సర్దుకోండి అని.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బానెట్‌ను పట్టుకునే కీలు ఒకసారి దగ్గరగా చూడండి. అందులో బోల్టు పట్టే రంధ్రం గుండ్రంగా ఉండదు. కోలగా, బోల్టు కంటే పొడుగ్గా ఉంటుంది. బండి తయారుచేసినవాళ్లు దాన్ని అలా ఎందుకు పెట్టారు? బానెట్‌ను ముందుకూ వెనక్కూ, అటూ ఇటూ జరుపుకోవడానికే. అంటే సర్దుబాటు జరగాల్సింది అక్కడ, ఆ రంధ్రంలో. దాన్ని ముట్టుకోకుండా, ఒక పక్క వేలు దూరే సందూ, ఇంకో పక్క రాసుకునే అంచూ చూపించి బండి యజమానిని సర్దుకోమనడం అన్యాయం. ఇరవై ఏళ్లకు పైగా మా ఇంటి బండ్లవీ, చుట్టుపక్కల వాళ్ల బండ్లవీ బానెట్లు నా చేత్తో బిగించాను. ఆ ఇరవై ఏళ్లలో చెవిన పడిన తప్పుడు సలహాలు ఇవి. ఎవరైనా మీకు ఈ మాటలు చెబితే వినకండి. ఎందుకు వినకూడదో, వాటికి బదులు ఏం చెయ్యాలో కూడా రాస్తున్నాను.

ఇప్పటి షెడ్లలో గ్యాపు అంటున్నారు గానీ, పాత ఉస్తాదులు సందు అనేవారు. తెలుగులోనూ సందే, కన్నడలోనూ సందే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి ఇటు మైసూరులో కలిసింది. తాలూకాలు విడిపోయినా రాకపోకలు ఆగలేదు. ఇవాళ్టికీ టింకరింగ్ షెడ్డులో కేఏ 34 బండి పక్కనే ఏపీ 02 బండి నిలబడి ఉంటుంది. అందుకే ఈ సలహాలకూ సరిహద్దు లేదు. గుంతకల్లులో విన్నదే ఇక్కడా వింటాం.

అన్నిటికంటే నష్టం చేసే సలహా ఇది: "బంపర్‌కు గీత కూడా పడలేదు కదా, లోపల ఏమీ అయ్యుండదు. బానెట్ ఒక్కటి మార్చేస్తే సరి."

ఈ మాట నమ్మి నేనే నష్టపోయాను. తోరణగల్లు నుంచి వస్తున్నాం. కుడితిని దగ్గర ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మా మారుతి 800 పెద్ద వేగంలో లేదు. బ్రేకు వేశాను, అయినా ముక్కు పోయి లారీ తోక కింద దూరింది. దిగి చూస్తే బంపర్ చెక్కు చెదరలేదు. బానెట్ మాత్రం నడిమికి మడతపడి, గుడిసె కప్పులా లేచి ఉంది. అందరికీ ఆశ్చర్యం వేసింది గానీ ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. లారీ వెనక దిమ్మె ఎత్తులో ఉంటుంది, కారు బంపర్ దాని కిందికి జారిపోతుంది. దెబ్బ తినేది బానెట్ ముందు అంచు, దాని వెనకే ఉండే రేడియేటర్ పై పట్టీ. బానెట్ లాకు ఉండేది సరిగ్గా ఆ పట్టీ మీదే. మన జిల్లాలో ఖనిజం లారీల వెనక నడిచే బండ్లకు నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ ఇలాంటివే. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి గనులు ఆపించాక కొన్నాళ్లు ఈ రోడ్లు ఊపిరి పీల్చుకున్నాయి. తర్వాత గనులు తెరుచుకున్నాయి, లారీలూ తిరిగొచ్చాయి. కాబట్టి ఈ ప్రాంతంలో బంపర్‌ను చూసి లోపలి సంగతి తేల్చకండి.

బండిని ఒక షెడ్డులో ఇచ్చాను. గుజిరీ నుంచి, అంటే పాత సామాన్ల బజారు నుంచి, అదే రంగు బానెట్ తెచ్చి బిగించారు. ఎడమ పక్క అద్దం దగ్గర సందు బాగానే ఉంది, హెడ్‌లైట్ దగ్గరికి వచ్చేసరికి బానెట్ ఫెండర్‌ను రాస్తోంది. కుడి పక్క చిటికెన వేలు దూరుతోంది. "ఈ బానెట్ వంకర సార్" అని ఇంకోటి తెచ్చారు. అదీ అంతే. రెండు బానెట్లు, రెండూ ఒకే వైపు ఒకేలా వంకర ఉంటాయా? ఆ ప్రశ్న అక్కడ ఎవరికీ రాలేదు. సాయంత్రం నేను వెళ్లేసరికి గ్రైండర్ పట్టి ఎడమ అంచు అరగదీస్తున్నారు. మెరిసే ఇనుము కనిపిస్తోంది. మధ్యలోనే ఆపించి బండిని ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు కౌల్ బజార్ నుంచి మా ఉస్తాద్ వచ్చారు. ఈ పని నాకు నేర్పింది ఆయనే. బానెట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. జేబులోంచి టేపు తీసి, ఒక కొస నన్ను పట్టుకోమన్నారు. ఎడమ షాక్ అబ్జార్బర్ పై బోల్టు నుంచి కుడి హెడ్‌లైట్ మూల బోల్టు దాకా ఒక కొలత. కుడి షాక్ అబ్జార్బర్ నుంచి ఎడమ హెడ్‌లైట్ మూల దాకా ఇంకో కొలత. ఇంజను గదికి ఇవి రెండు కర్ణాలు. మూలలు సరిగా ఉంటే రెండూ సమానం రావాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉన్నా ఫర్వాలేదు. మా బండికి 11 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పై పట్టీ మొత్తం కుడికి తోసుకుపోయింది, దానితోపాటు రెండు ఫెండర్ల ముక్కులూ. తిన్నగా ఉన్నది ఒక్క బానెట్టే.

"బిడ్డను కొట్టొద్దప్పా, తప్పు ఇంటిది" అన్నారు ఉస్తాద్. చైను కట్టి పట్టీని లాగారు. లాగడం, ఆపడం, కొలవడం, మళ్లీ లాగడం. గంటన్నర పట్టింది. తేడా 2 మిల్లీమీటర్లకు వచ్చాక బానెట్ పెడితే, దానంతట అదే ఫెండర్ల మధ్య కూర్చుంది. అరగదీసిన అంచు మాత్రం పోయిందే కదా, చివరికి మూడో బానెట్ కొనాల్సి వచ్చింది.

అందుకే చెబుతున్నాను. కొత్త బానెట్ కొనకముందే టేపు పెట్టి కర్ణాలు కొలవండి. ఖర్చు ఒక్క పైసా లేదు. అవి సమానంగా లేకపోతే ఏ బానెట్ తెచ్చినా కుదరదు. ఇన్సూరెన్సు క్లెయిమ్ వేస్తుంటే ఈ కొలత సర్వేయర్ ఎదుటే జరగాలి. ఎస్టిమేటులో బానెట్ ఒక్కటే రాయించి, తర్వాత లోపలి పట్టీ కూడా పోయిందంటే డబ్బు రాబట్టుకోవడం కష్టం. విప్పాక కొత్త దెబ్బ కనిపిస్తే పని అక్కడే ఆపి, సర్వేయర్‌ను మళ్లీ పిలవండి. మామూలు పాలసీలో పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల మీద సగం తరుగు తీసేస్తారు. ఆ సగమైనా పోగొట్టుకోకండి.

"మడత పడిన చోట లోపల ఒక పట్టీ వెల్డు పెట్టిద్దాం, ఈసారి ఎవడు గుద్దినా వంగదు." పాత బానెట్‌నే సాపు చేయించుకునేవాళ్లకు ఈ సలహా దొరుకుతుంది. ప్రేమతో చెప్పే మాటే, కాదనను. కానీ బానెట్ వంగాలి. లోపలి ఫ్రేములో అడ్డంగా కావాలనే బలహీనంగా ఉంచిన చోట్లు ఉంటాయి. ఎదురుదెబ్బ తగిలినప్పుడు బానెట్ అక్కడ మడతపడి పైకి లేస్తుంది. అలా మడత పడకపోతే రేకు తిన్నగా వెనక్కి వచ్చి అద్దాన్ని, అద్దం వెనక కూర్చున్న మనిషిని వెతుక్కుంటుంది. కుడితిని దగ్గర మా బానెట్ గుడిసెలా లేచిందంటే, దాని పని అది చేసిందన్న మాట. దాన్ని గట్టిపరచడం అంటే ప్రాణం కాపాడే కీలును తీసేయడమే. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

"ముందు బానెట్ బిగించు, తలుపులు గిలుపులు తర్వాత చూసుకోవచ్చు." ఇదీ తప్పే. వరస ఎప్పుడూ వెనక నుంచి ముందుకు. ముందు తలుపు తన చోట ఉండాలి. తలుపును చూసి ఫెండర్. రెండు ఫెండర్లను చూసి బానెట్. బానెట్‌ను చూసి గ్రిల్లు, బంపర్.

ఈ వరస నాకు మొదట అర్థమైంది ఒక పాత బండి దగ్గర. నా చిన్నప్పుడు మా వీధిలో డాక్టరు గారికి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు మనకోసం తయారుచేశారు. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి గీసిన బండి అది. దాని బానెట్ ఇప్పటి బానెట్లలాంటిది కాదు. పై మూత, రెండు పక్కల మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు అన్నీ కలిసి ఒకే పెద్ద ముక్క. కీళ్లు అద్దం దగ్గర ఉండవు, బంపర్ దగ్గర ఉంటాయి. తెరిస్తే ముక్కు మొత్తం ముందుకు వాలిపోయి, ముందు చక్రాలు ఇంజనుతో సహా బయటపడతాయి. పిల్లలం గుమిగూడి చూసేవాళ్లం. ఆ బండిలో ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. మధ్యలో ప్యాకింగులు పెట్టి బోల్టులతో బిగిస్తారు. ఆ ప్యాకింగులు అరిగి బాడీ ఒక పక్క కుంగితే తలుపు ముందు అంచుకూ బానెట్‌కూ మధ్య సందు పైన ఒకలా, కింద ఒకలా అయిపోతుంది. డాక్టరు గారి మెకానిక్ బానెట్ కీళ్ల దగ్గరే పొద్దంతా కుస్తీ పట్టేవాడు. ఎంత జరిపినా పైన కుదిరితే కింద తప్పేది. చివరికి ఎవరో పెద్దాయన వచ్చి తలుపు కింద బాడీని ఎత్తి కొత్త ప్యాకింగు పెట్టాక, బానెట్ బోల్టును తాకకుండానే సందు తిన్నగా వచ్చింది. పదేళ్ల పిల్లాణ్ణి. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు అసలు పని. పాత బానెట్ విప్పకముందే కీలు చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి. వాషర్ నీళ్ల గొట్టం విప్పండి. ఫెండర్ మూలల మీద, అద్దం కింద మందపాటి దుప్పటి ముక్కలు పరవండి. ఇద్దరు మనుషులు తప్పనిసరి. "ఒక్కణ్ణే ఎత్తేస్తాలే" అన్నవాళ్లు అద్దం పగలగొట్టుకోవడం రెండుసార్లు చూశాను. బండి సమమైన నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి. జాకీ మీద ఉన్న బండికి సందులు చూడకండి.

కొత్త బానెట్‌ను పాత గీతల మీద పెట్టి, బోల్టులు చేత్తో జరిపితే కదిలేంత వదులుగా బిగించండి. మూత వేసేముందు రెండు పనులు చెయ్యాలి. లాకు విప్పి పక్కన పెట్టాలి. ముందు మూలల్లో బానెట్ ఆనే రబ్బరు గుండీలను తిప్పి పూర్తిగా కిందికి దించాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. "లాకు పడితే బానెట్ దానంతట అదే దారికొస్తుంది" అంటారు. వస్తుంది, నిజమే, లాకు లాగిన దారికి వస్తుంది. లాకు ఎడమకు ఉంటే బానెట్‌ను ఎడమకు లాక్కుని కూర్చోబెడుతుంది, మీరు అదే సరైన చోటు అనుకుంటారు. లాకు చివర పెట్టాల్సిన వస్తువు. దాని పని పట్టుకోవడం, దారి చూపడం కాదు.

మూత మెల్లగా దించి, ముందు అద్దం వైపు మూలలు చూడండి. అక్కడ బానెట్ ఫెండర్ కంటే ఎత్తుగా ఉంటే కీలు కిందికి రావాలి, పల్లంగా ఉంటే పైకి పోవాలి. కీలు బాడీకి పట్టే బోల్టు దగ్గర ఆ వీలు ఉంటుంది. కొన్ని బండ్లకు లేకపోతే కీలు కింద వాషర్ పెట్టడం తప్పు కాదు. "వాషర్ పెట్టడం నామోషీ" అనే మాట కూడా పట్టించుకోకండి.

తర్వాత పక్క సందులు. నా దగ్గర ఫీలర్ గేజి లేదు. రెండు ఐస్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి సెల్లోటేపు చుట్టాను, అదే నా గేజి. దాదాపు 4 మిల్లీమీటర్లు. మామూలు కార్లకు సందు 3 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అంకె కంటే ముఖ్యం, అద్దం దగ్గర ఎంతుందో హెడ్‌లైట్ దగ్గరా అంతే ఉండటం, ఎడమ ఎంతో కుడీ అంతే ఉండటం. పుల్ల సందులో నిలబెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు లాగుతూ రండి. ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ వదులవుతుందో వేళ్లకే తెలుస్తుంది. కళ్లను అంతగా నమ్మకండి, రంగు మెరుపు మోసం చేస్తుంది.

బానెట్ ముక్కు ఎడమకు పోతోందనుకోండి, అందరూ ముక్కు పట్టుకుని కుడికి తోస్తారు. చెయ్యి వదలగానే మళ్లీ అక్కడికే. ముక్కును తిప్పేది వెనక కీళ్లు. డ్రైవరు సీట్లో కూర్చున్నట్టు ఊహించుకోండి. ఎడమ కీలు దగ్గర బానెట్‌ను కొంచెం ముందుకు జరిపితే ముక్కు కుడికి తిరుగుతుంది. కుడి కీలు దగ్గర ముందుకు జరిపితే ఎడమకు. అక్కడ 1 మిల్లీమీటర్ జరిపితే ముక్కు దగ్గర కూడా ఇంచుమించు అంతే కదులుతుంది. కాబట్టి ఒకేసారి సెంటీమీటర్ జరపకండి. ప్రతిసారీ ఒక పక్క బోల్టులు మాత్రమే వదులు చెయ్యండి, రెండో పక్క బిగించి ఉండాలి. ఇలా ఆరేడుసార్లు ఎత్తి దించాల్సి రావచ్చు. విసుగు పడకండి, బానెట్ పనంటేనే ఎత్తడం, దించడం, చూడడం.

వెనక, పక్కలు కుదిరాక రబ్బరు గుండీలను పైకి తిప్పుతూ ముందు అంచును ఫెండర్లతో సమం చెయ్యండి. పాత దినపత్రిక ముక్క ఒకటి గుండీ మీద పెట్టి మూత దించి లాగండి. చిరగకుండా, కానీ బిగువుగా రావాలి. రెండు పక్కలా ఒకే బిగువు. అప్పుడు లాకు తెచ్చి వదులుగా పెట్టి, మూత మెల్లగా దించితే కొక్కేనికి ఎదురుగా అదే సర్దుకుంటుంది. బిగించండి. ఒక అడుగు ఎత్తు నుంచి వదిలితే బానెట్ తన బరువుకే పడాలి, రబ్బర్లు కొద్దిగా నొక్కుకోవాలి.

"పడట్లేదా? గట్టిగా వెయ్యన్నా, కూర్చుంటుంది!" వద్దు. పడకపోతే లాకు ఎత్తు తప్పు. గట్టిగా వేసిన ప్రతిసారీ అంచు ఫెండర్‌కు కొట్టుకుని రంగు పెళ్లలు లేస్తాయి, అక్కడ మన ఎర్రదుమ్ము చేరి, వానకు తడిసి తుప్పు మొదలవుతుంది. "రబ్బర్లు పీకెయ్, అవి అడ్డం వస్తున్నాయి" అనేవాళ్లూ ఉన్నారు. రబ్బర్లు లేని బానెట్ గతుకు రోడ్డు మీద గడగడలాడి, ఆరు నెలల్లో లాకునే అరగదీస్తుంది.

బళ్ళారికే ప్రత్యేకమైన సలహా ఒకటుంది: "ఎండకు రేకు సాగి రాసుకుంటోంది సార్, చలికాలం వస్తే సరిపోతుంది." మన ఎండలను చూసినవాళ్లెవరికైనా నిజమే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మిల్లీమీటర్‌లో నూరోవంతు, మహా అయితే దానికి కాస్త ఎక్కువ సాగుతుంది. బానెట్ అడ్డంగా 1.2 మీటర్లు, ఉదయానికీ మధ్యాహ్నానికీ రేకు వేడి 30 డిగ్రీలు పెరిగిందనుకుందాం. మొత్తం సాగింది అర మిల్లీమీటర్ కూడా కాదు. అదీ రెండు పక్కలకు పంచుకుంటే పావు మిల్లీమీటర్ లోపు. పక్కనున్న ఇనుమూ అదే ఎండలో ఉంది. రాసుకుంటున్నది ఎండ వల్ల కాదు, బోల్టు సరిగా జరపకపోవడం వల్ల. చలికాలం దాకా ఆగొద్దు.

"ముందు రంగు వేయించి తెస్తా, నేరుగా బిగించేద్దాం." వద్దంటే వద్దు. రంగు వేసిన బానెట్‌ను ఆరేడుసార్లు ఎత్తి దించితే ఆ రంగు ఏమవుతుంది? ముందు పచ్చి బానెట్‌ను పూర్తిగా కుదిర్చి, కీళ్ల గీతలు గీసి, విప్పి అప్పుడు రంగుకు పంపండి. లోపలి వైపు, అంచు మడతలకు కూడా రంగు, సీలరు పడాలని నోరు తెరిచి అడగండి. అడగకపోతే పైన మాత్రమే కొట్టి పంపుతారు. "కంపెనీ సరుకైతే చూడక్కర్లేదు, కళ్లు మూసుకుని బిగించొచ్చు" అన్న మాట నమ్మినవాళ్లే ఎక్కువగా ఇలా రంగుకు పంపుతారు. కంపెనీ బానెట్‌ను కూడా కుదర్చాల్సిందే. కొత్త బండికి ఫ్యాక్టరీలోనే కుదరుస్తారు మరి. లోకల్ బానెట్ అయితే ఇంకో మాట: కొట్టువాడి దగ్గర పాత బానెట్‌ను, కొత్తదాన్ని పక్కపక్కన తిరగేసి పెట్టి, కీలు రంధ్రాలు, లాకు చోటు, అంచు వంపు పోల్చి చూశాకే డబ్బు ఇవ్వండి.

సందు ఎక్కువున్న అంచుకు పుట్టీ పూసి సమం చేస్తానంటే ఒప్పుకోకండి. ఇంజను వేడికి, మూత వేసే దెబ్బలకు అంచు మీది పుట్టీ నిలవదు, బీటలు తీస్తుంది. కీలు దగ్గర కట్టెముక్క పెట్టి, బానెట్ మీద మోకాలు వేసి నొక్కడం మరో ఆచారం. చేయి తిరిగిన ఉస్తాద్ వెంట్రుకవాసి తేడాకు అది చేస్తాడు, ఎక్కడ ఆపాలో అతని చేతికి తెలుసు. చూసి నేర్చుకుని ఇంట్లో చేస్తే రేకు నడుమ సొట్ట పడుతుంది, కీలు వంగుతుంది.

ఇక అన్నిటికంటే ప్రమాదమైనది: "లాకు పనిచెయ్యకపోతే ఏమైందన్నా, తాడు కట్టుకుని నిదానంగా గుంతకల్లు పో, అక్కడ చేయించుకో." నిదానంగా అంటారు, హైవే ఎక్కాక ఎవరు నిదానంగా పోతారు? బానెట్ కింద దూరిన గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 40లో ఉన్న తోపు 80కి నాలుగింతలవుతుంది. తాడు తెగినా, సాగినా బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంటుంది. ముందు రోడ్డు కనపడదు. లాకు పట్టని బండిని కదిలించొద్దు, టో చేయించండి. లాకు బాగున్నా, వేరే కొక్కెం ఒకటి ఉంటుంది చూశారా, మూత తెరిచేటప్పుడు వేలితో పక్కకు నెట్టేది, అది తప్పక పనిచెయ్యాలి. అసలు లాకు జారిపోతే బానెట్‌ను ఆపేది అదొక్కటే. గుజిరీ బానెట్ బిగించేటప్పుడు చాలాచోట్ల దాని స్ప్రింగు పడిపోతుంది, ఎవరూ చూడరు. లాకు విడిపించి, బానెట్‌ను చేత్తో పైకి లాగి చూడండి. కొక్కెం దగ్గర ఆగిపోవాలి.

వారం రోజులు తిరిగాక పానా పట్టుకుని కీళ్ల బోల్టులు ఒక్కసారి మళ్లీ బిగించండి, పుల్ల పెట్టి సందులు మళ్లీ చూడండి. మొదటి వారంలో కొంచెం జరగడం మామూలే. నా బండి ఇప్పుడు వాకిట్లోనే ఉంది. ఈ ఉదయం చూశాను. ఎడమ సందు 4 మిల్లీమీటర్లు, కుడి సందు 4.